ఎర్ర పేలిక ఊడిన బొంత

"ఆ బొంత ఎటు పోయిందో నీకేమన్న యాదికున్నదానె?" అని బాపమ్మ అడిగింది.

"నాకేం యాదికి లేదు బాపమ్మా. మాట్లాడకు, పండుకో" అన్నాను.

"మంచిది" అని గోడవైపు తిరిగింది.

మా నాన్నను కన్న తల్లికీ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవే. మిట్టమధ్యాహ్నం. నేను వెళ్లి జావ కాచి తెచ్చేసరికి ఆమె లేదు. పోయేముందు పెద్దవాళ్లు గొప్ప మాటలేవో చెప్పి పోతారట. మా బాపమ్మ బొంత సంగతి అడిగి, నా చేత ఒక అబద్ధం చెప్పించుకుని పోయింది.

నాకు సంతకం దాకానే చదువు. అందుకని నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. ఇంత శ్రమ ఎందుకంటే, మా చిన్నాయన మనవలు ఆయన దేశసేవ మీద పుస్తకం అచ్చు వేయిస్తున్నారు. అందులో బాపమ్మకు దయతలచి ఒక్క వాక్యం ఇచ్చారు. దాచమని ఇచ్చిన జెండాను ఆ తల్లి మతిమరుపుతో పోగొట్టిందట. ఎనభై ఏళ్లు బతికిన మనిషికి ఒకే వాక్యం, అదీ తప్పు. అచ్చుకు పోకముందే దాన్ని తీసేయాలి.

అప్పుడు మేము లష్కర్ పట్నంలో, రాంగోపాల్‌పేటలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్లం. బాపమ్మ బొంతలు కుట్టేది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి నడిమికి గుండ్రంగా కుట్టుకుంటూ వచ్చేది. సూదికి దారం ఎక్కించే ఉద్యోగం నాది. నాకు ఎనిమిదేళ్లు.

నైజాం రాజ్యం ఆఖరి రోజులవి. మూడు రంగుల జెండా ఇంట్లో దొరికితే ఇల్లు గుల్లయ్యేది. మా చిన్నాయన అదే జెండాను అంగీలో దోపుకుని వచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

"జాగ్రత్త అమ్మా. దొరికితె జైలే."

"నీకా, నాకా?"

"ఇంట్ల ఎవలుంటె వాళ్లకు."

"గట్లనా. నువ్వైతె ఉండవు గద."

ఉండలేదు. దేశాన్ని విడిపించడానికి ఆయన సరిహద్దు అవతలి క్యాంపుకు వెళ్లాడు, జెండాను కాపాడే తక్లీఫ్ తల్లికి వదిలి. ఆమె దాన్ని చిన్న బొంత ఒకదాని పొరల మధ్య పెట్టి కుట్టేసింది. దారం నేనే ఎక్కించాను కాబట్టి నాకు తెలుసు.

పక్కింటి తురకామెను మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. అదే వారం ఆమె కోడలు కొడుకును కన్నది. పసిబిడ్డ కోసం బాపమ్మ అదే కొలతలో ఇంకో బొంత కుట్టింది. పసివాళ్ల బొంతకు దిష్టి తగలకుండా ఒక మూలన చదరంగా ఎర్ర పేలిక కుట్టడం ఆమెకు అలవాటు. హిందువుల బిడ్డకైనా తురకల బిడ్డకైనా ఒకటే పేలిక.

"ఎర్ర పేలికది ఖాలాకియ్యి. ఇంకోటి ముట్టకు" అని చెప్పి దారం కొనడానికి బజారుకు పోయింది.

అంత నమ్మకస్తురాలినైన నేను రెండు బొంతలూ ముందేసుకుని కూర్చున్నాను. కూర్చున్నదాన్ని ఎర్ర పేలికదాని మీదే నిద్రపోయాను. నిద్రలో పక్క తడిపాను. ఎనిమిదేళ్లకు కూడా నాకా గొప్ప గుణం ఉండేది.

సరిగ్గా అప్పుడే ఖాలా వచ్చింది. "అయిందా బేటీ, మా పోరని బొంత?"

రజాకార్ల భయం ఊరందరికీ. నాకు మాత్రం బాపమ్మ తిట్ల భయం. పొడిగా ఉన్నదాన్ని ఇచ్చేశాను.

"వాహ్, ఎంత మెత్తగున్నది" అని ఖాలా దాన్ని చెంపకు ఆనించుకుని వెళ్లిపోయింది.

తర్వాత నా తెలివి పనిచేయడం షురూ అయింది. ఎర్ర పేలికను పళ్లతో పీకి పొయ్యిలో పడేశాను. బొంతను తడిపి దండెం మీద వేశాను. బాపమ్మ వచ్చి అడిగితే బిందె ఒలికిందన్నాను. పేలిక లేదు కాబట్టి అదే జెండా బొంత అనుకుని ఆమె దాన్ని మడిచి పెట్టెలో పెట్టింది.

కొన్నాళ్లకు మిలిటరీ వచ్చి మా లష్కర్‌ను విడిపించింది. నాలుగో రోజున చిన్నాయన కూడా వచ్చాడు, అంతా తానే విడిపించినట్టు మెడలో దండతో. వెనక పదిమంది దోస్తులు. వాకిట్లో కర్ర పాతి సిద్ధం చేశారు.

"తియ్యమ్మా జెండా."

బాపమ్మ అందరి ముందూ బొంత కుట్టు విప్పింది. పాత చీర పొర, దాని కింద ఇంకో పాత చీర పొర. ఏదీ లేదు. పొరలన్నీ తడుముతూ తడుముతూ ఆమె బొటనవేలు మూల దగ్గర ఆగింది. అక్కడ చదరంగా సూది బెజ్జాలు ఉన్నాయి. తల ఎత్తి నన్ను చూసింది. నేను నేలను చూశాను.

గోడ అవతల ఖాలా మనవడు ఏడుస్తున్నాడు. రాజ్యం మారిన నాటి నుంచి వాళ్లు తలుపుకు గడియ తీయలేదు. ఇప్పుడు భయపడే వంతు వాళ్లది.

"పక్కిండ్లల్ల అడుగుదమా?" అన్నాడు దోస్తుల్లో ఒకడు. అడగడానికి వాడి చేతిలో లాఠీ ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

"అడిగెటిదేమున్నది?" అంది బాపమ్మ. "నేనే ఏడనో పెట్టి మరిచిన. ముసల్దాన్ని."

ఆమెకు అప్పుడు యాభై కూడా నిండలేదు. చిన్నాయన కర్ర పీకి పారేశాడు. మర్నాడు బాపమ్మ ఎప్పటిలాగే సూది, దారం నా చేతికి ఇచ్చింది.

ఆ రోజు నుంచి ఆమెకు మతిమరుపు ఉద్యోగం ఖాయమైంది. ఆమె ఒక్కనాడు కూర మాడ్చలేదు, అయినా పొయ్యి చూసుకున్నావా అని అందరూ అడిగేవారు. ప్రతి పెళ్లిలో చిన్నాయనది ఒకటే కథ: "మా అమ్మ దేశాన్ని బొంతల కుట్టి మరిచింది." పంక్తి అంతా నవ్వేది. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నా మొగుడూ నవ్వేవాడు. ఆయన పోయేదాకా ఆయనకూ చెప్పలేదు. అందరితో పాటు నేనూ నవ్వాను, అది కూడా రాయి.

చిన్నాయన జెండా అడిగి నెల తిరక్కుండానే ఖాలా వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. బండి ఎక్కేముందు బాపమ్మ వెళ్లి పసివాడికి బొంత మూల సరిచేసి, చెవుల దాకా కప్పి వచ్చింది. ఆమె కుట్టు ఆమెకు తెలియదా? అందులోని జెండాను చిన్నాయన ఎగరేసి ఉంటే సాయంత్రానికి దించేవాడు. ఆ పిల్లవాడికి మాత్రం చలికాలమంతా పనికొచ్చింది.

ఆమెకు ఆఖరి రోజుదాకా అంతా యాదికే ఉంది. మతి లేనిది నాకు. ఇన్నేళ్లకు నోరు తెరిచి ఆమె ఒక్కసారి అడిగితే, పండుకో అన్నాను.

పుస్తకం వాళ్లకు ఇదే పంపు. ఏదీ, మొదటి నుంచి చదువు బిడ్డా. పక్క తడిపాను అన్నచోట నీళ్లు ఒలికాయని మర్యాదగా రాసి ఉంటే కొట్టేయి. బాపమ్మ అడిగింది కదా, ఆ మాట చదివి జెర ఆగు. నేను ఈసారి సరిగ్గా జవాబు చెబుతాను.