మామ చెప్పిన సాక్ష్యం

మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను కర్నూలులో, కాలేజీ స్టాఫ్ రూములో జవాబుపత్రాలు దిద్దుతున్నాను. ఫోనులో అత్త గొంతు ఏడ్చినట్టు లేదు. "పొద్దున కాఫీ తాగినాడు, లోటా కడిగి బోర్లించినాడు, వసారాలో కుర్చీలో కూచున్నాడు. టిఫినుకు పిలిస్తే పలకలేదు. అంతే పాపా" అంది. నిజం చెప్పాలంటే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఊరట. గుండె జబ్బు మనిషి. ఆసుపత్రి మంచం మీద గొట్టాల మధ్య పోతాడేమోనని ఇంటిల్లిపాదీ లోలోపల భయపడుతూ వచ్చాం. అలా జరగలేదు. లోటా కూడా కడిగి పెట్టి పోయాడు.

దుఃఖం నందికొట్కూరు బస్సులో కూర్చున్నాక వచ్చింది. దానితోపాటు, చాలా ఏళ్ళుగా అడగాలనుకుంటూ అడగని ప్రశ్న కూడా వచ్చింది. బెంగుళూరులో ఆ సాయంత్రం మేం చూసిన కచేరీ ఒక తప్పని అనుకుంటూనే మామ వెళ్ళిపోయాడా? నా బతుకులో నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునే సంతోషాలు కొన్నే ఉన్నాయి. వాటిలో ఆ సాయంత్రం ఒకటి. ఆయన దాన్ని పాపంగా లెక్కేసుకుని ఉంటే, నేను దాన్ని సంతోషమని ఎట్లా దాచుకోను?

మామ మా అమ్మకు తమ్ముడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాడు. చేతులెప్పుడూ ఫినాయిలు వాసన, జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు. "ఎట్లుండావు మామా?" అంటే "మేస్తాండా" అనేవాడు. మా చర్చిలో హార్మోనియం, తబలాల పక్కకి గిటారు తెచ్చిన మొదటి మనిషి ఆయనే. క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగి పాడే రోజుల్లో మామ గిటారు వాయిస్తుంటే వెనక నడవడానికి పిల్లలం కొట్టుకునేవాళ్ళం. చిన్నప్పుడొకసారి ఆయన వెంట ఆసుపత్రికి వెళ్తే, కదలకుండా నిలబడిన ఒక ఎద్దు పొట్ట మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. ఏం చేస్తున్నావని అడిగాను. "నొప్పి యాడుండాదో నోరులేంది చెప్పదు గదా. చెయ్యి పెట్టి చూడల్ల" అన్నాడు.

ఆ బ్యాండు పేరు ఇక్కడ రాయను. ఇంగ్లీషు రాక్ సంగీతం వినేవాళ్ళకు చెప్పనక్కరలేదు, విననివాళ్ళకు చెప్పినా ఒకటే. మామ కర్నూలులో చదువుకునే రోజుల్లో హాస్టలులో ఆయన గది జోడీదారు బద్వేలు రెడ్డన్న. టేప్ రికార్డరు రెడ్డన్నది. క్యాసెట్టు నింపి ఇచ్చింది కల్లూరు భాయ్. ఇప్పుడాయనది సెల్‌ఫోన్ల అంగడి, అప్పట్లో క్యాసెట్ల అంగడి. కాపీకి కాపీ కావడంతో పాటల వెనక వాన కురుస్తున్నట్టు బరబర శబ్దం వచ్చేదట. అది కూడా బ్యాండువాళ్ళ వాయిద్యమేననుకుని వాళ్ళు ఆ ఏడాదంతా మెచ్చుకున్నారట. మాటలు ఒక్కటీ అర్థం కాకపోయినా మామ చెవితో విని, అరిగిపోయేదాకా విని, ఆ గిటారు వరసలు పట్టుకున్నాడు. తర్వాత ముగ్గురూ మూడు దిక్కులకు పోయారు. మామ నందికొట్కూరులో కాంపౌండరయ్యాడు, రెడ్డన్న బద్వేలులో ఎరువుల వ్యాపారం పెట్టాడు, భాయ్ కర్నూలులో అంగడితోనే ఉండిపోయాడు.

నేను ఎం.ఏ. చదువుతుండగా ఆ బ్యాండు బెంగుళూరు వస్తోందని తెలిసింది. భాయ్‌నీ ఎక్కించుకుని రెడ్డన్న జీపు తెచ్చాడు. "ఇంగ్లీషు చెప్పేదానికి ఒకరుండల్ల" అని మామ నన్నూ ఎక్కించాడు. అత్త కట్టిచ్చిన చిత్రాన్నం అనంతపురం దాటకముందే అయిపోయింది. కచేరీలో పాటగాడు మధ్యమధ్యలో ఏదో మాట్లాడితే ముగ్గురూ నా వైపు తిరిగేవాళ్ళు. నాకూ ఒక్క ముక్క అర్థం కాలేదు. "బాగున్నారా అంటున్నాడు" అన్నాను. మరోసారి మాట్లాడితే మళ్ళీ అదే చెప్పాను. "శానా మర్యాదస్తుడు" అన్నాడు భాయ్.

వేదిక మీద ఉన్నవాళ్ళు ముసలివాళ్ళు. మేం గోడల మీది బొమ్మల్లో చూసిన పొడుగు జుట్టు కుర్రాళ్ళు కారు. డ్రమ్ములాయన భుజాన తువ్వాలు వేసుకున్నాడు, అచ్చం మా ఊళ్ళో కళ్ళంలో పని ముగించుకుని వచ్చినవాడిలా. మామ మొదట్లో చర్చిలో లాగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గిటారాయన ఎడమచేతి వేళ్ళ మీదే చూపు. ఆ వేళ్ళతోపాటే మామ వేళ్ళు చొక్కా బొత్తాముల మీద కదలడం నేను చూశాను. హాస్టలు రోజుల పాట మొదలైనప్పుడు పాటగాడి గొంతు పైస్థాయికి అందలేదు. ఆయన నవ్వి మైకు జనం వైపు తిప్పాడు. మైదానమంతా పాడింది. మామ పాడాడు. అవి ఏ భాష మాటలో ఆయనకే తెలియాలి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నా చెవి దగ్గర అన్నాడు: "ఎంత ముసిలోళ్ళయినారో చూడు. సంతోషం ఇంగా తగ్గలే."

వచ్చిన ఆదివారం చర్చిలో జరిగింది చెప్పాలంటే, మా చర్చి పద్ధతి ఒకటి ముందు చెప్పాలి. పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలు ఎవరికివారు లేచి నలుగురిలో చెప్పాలి. బోరులో నీళ్ళు పడ్డాయని ఒకరు, పిల్లకు జ్వరం దిగిందని ఒకరు. ఆ ఆదివారం మామ గిటారు పక్కన పెట్టి లేచాడు. బెంగుళూరులో రాక్ కచేరీ చూసి వచ్చానని మొదలుపెట్టాడు. నేను ఒళ్ళోని పాటల పుస్తకంలోకి తల వంచాను. ఆయన ముఖంలో మాత్రం బోరులో నీళ్ళు పడినవాడి వెలుగు. చివరికి ఇట్లా అన్నాడు: "అంతమంది, యాడాడోళ్ళో, ఒకరికొకరు తెలీనోళ్ళు, ఒక్క గొంతుతో పాడతాంటే, పరలోకం ఇట్లనే ఉంటాదేమో అనిపించింది నాకు. దేవునికి స్తోత్రం."

సాక్ష్యం తర్వాత అందరూ స్తోత్రం అనడం ఆనవాయితీ. ఎవరూ అనలేదు. స్త్రీల సమాజానికి పెద్ద మా పెద్దమ్మ, అంటే మామకు పెద్దక్క. ముందు బెంచీలోంచి వెనక్కి తిరక్కుండానే "కూచోరా" అంది. మామ కూర్చున్నాడు.

ఆ పై వారం సంఘపెద్దలు, లోకపు పాటలు దేవునికి సరిపడవని, కొన్నాళ్ళు గిటారు వద్దులే అన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ కొన్నాళ్ళు ఎప్పుడు అయిపోయాయో ఎవరూ చెప్పలేదు, మామా అడగలేదు. కీబోర్డు వచ్చింది. మామ చివరి బెంచీలో గోడ పక్కకి మారిపోయాడు. ఒక్క ఆదివారం మానలేదు. ఇంట్లో గిటారు కనబడకపోతే అత్తను అడిగాను. "యాడో ఇచ్చేసినాడు. నన్నడిగితే నేనేం చెప్దును" అంది. బెంగుళూరు మాట ఆయన నోట మళ్ళీ వినలేదు. నేను ఎత్తితే పిప్పరమెంటు చేతిలో పెట్టి, నా పిల్లల చదువుల గురించి అడిగేవాడు. రెండు మూడు నెలలకోసారి బద్వేలు వెళ్ళి వచ్చేవాడు. రెడ్డన్న బర్రెలకు మందులు వేయడానికని అనుకునేవాళ్ళం.

ఇదీ నా అనుమానానికి పునాది. అంత ఇష్టమైనదాన్ని అంత నెమ్మదిగా వదిలేశాడంటే, పెద్దల మాటే నిజమని నమ్మాడన్నమాటేనా? లేక నమ్మకపోయినా భయపడ్డాడా? రెండింటిలో ఏది నిజమైనా నాకు కష్టమే.

జ్ఞాపకార్థ కూడికకు రెడ్డన్న, భాయ్ ఒకే కారులో వచ్చారు. ఇద్దరికీ జుట్టు నెరిసింది, రెడ్డన్నకు మోకాళ్ళు పట్టేశాయి. చర్చి బయట షామియానా కింద నన్ను చూసి కూర్చోబెట్టుకున్నారు. ఓదార్పు మాటలు ఒక నిమిషంలో అయిపోయాయి. తర్వాత బెంగుళూరు మొదలైంది. వాన మొదటి పాటకు ముందే పడిందని రెడ్డన్న, చివరి పాట మధ్యలోనని భాయ్.

"ముందే పడింటే నా చొక్కా కడపటి పాటకు ఎట్ల తడిచె?" అన్నాడు భాయ్.

"అది వానకు తడిచింది గాదులేప్పా. నువ్వేడిస్తివి."

"నేనా? పక్కనుండేటోడు ఏడిస్తే నా మీద పడినాయి."

నన్ను తీర్పు చెప్పమన్నారు. నా జ్ఞాపకంలో అసలు వానే లేదు. ముగ్గురం మూడు కచేరీలు చూశామేమో. మామ ఉంటే నాలుగోది చెప్పేవాడు. అక్కడ నవ్వుతున్నందుకు నాకే సిగ్గేసి చుట్టూ చూశాను. వాకిట్లో చేతికర్ర పట్టుకుని నిలబడి పెద్దమ్మ మా వైపే చూస్తోంది.

లోపల పాటలయ్యాయి. కొత్తగా వచ్చిన పాస్టరు, వయసులో చిన్నవాడు, పోయిన మనిషి గురించి సాక్ష్యాలు చెప్పమన్నాడు. ఆయనకు పాత కథలేవీ తెలియవు. ఇద్దరు ముగ్గురు మామ మంచితనం గురించి, ఆవుల పురుళ్ళ గురించి చెప్పారు. అంతలో వెనక బెంచీలో రెడ్డన్న మోకాళ్ళ మీద చేతులు ఊని లేవడం కనిపించింది. ఆయనకు మా చర్చి పద్ధతులు తెలియవు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. ఆపాలనుకున్నాను. ఆయన అప్పటికే మొదలుపెట్టాడు.

మేం జీపులో పోయింది, చిత్రాన్నం తిన్నది, తువ్వాలు వేసుకున్న డ్రమ్ములాయనను చూసింది, అంతా చెప్పాడు. తర్వాత, గిటారు మొన్నటిదాకా తన ఎరువుల గోదాములోనే ఉండేదన్నాడు. మామ వచ్చినప్పుడల్లా మూటల మధ్య రెండు కుర్చీలు వేసుకుని, ఆ పాటలన్నీ మొదటినుంచి చివరిదాకా వాయించి పోయేవాడట. పాటలయ్యాక మా చర్చి పాటలు కూడా వాయించేవాడట.

అత్త ఉండబట్టలేక "మరి మీ బర్రెలో?" అంది.

"నాకు బర్రెలు యాడియమ్మా?" అన్నాడు రెడ్డన్న.

ఎవరో ఆపుకోలేక నవ్వారు. అప్పుడు గుర్తు చేసుకుంటే, బర్రెల కోసమని మామ ఎన్నడూ అనలేదు. మేమే అనుకున్నాం.

"ఒకసారి నేనే అడిగినా," అన్నాడు రెడ్డన్న. "మీవోళ్ళను నిలదీయకపోయినావా, తప్పేం చేసినావని కూచున్నావు, అని. దానికేమన్యాడంటే, 'నా సాక్ష్యం నేను చెప్పినా గదప్పా. రెండోసారి చెప్తే అది కొట్లాట అయితాది' అన్యాడు."

నేను పట్టుకున్న ఊపిరి ఎన్నేళ్ళదో, అప్పుడు వదిలాను. మామ దేన్నీ వెనక్కి తీసుకోలేదు. భయపడీ ఊరుకోలేదు. చెప్పాల్సింది ఒకసారి చెప్పి, దాన్ని చెడగొట్టుకోకుండా కాపాడుకున్నాడు, అంతే. ఇంత చిన్న సంగతి అడిగి తెలుసుకోలేకపోయానే అని ఒక క్షణం అనిపించింది. కానీ అడిగి ఉంటే నాకు మళ్ళీ పిప్పరమెంటే దొరికేదేమో.

ముందు బెంచీలో కర్ర చప్పుడైంది. పెద్దమ్మ లేస్తోంది. ఎనభై దాటిన మనిషి, వెనక్కి తిరగడానికే కొంతసేపు పట్టింది. పాస్టరు పట్టుకోబోతే వద్దంది.

"ఆ పొద్దు వాన్ని కూచోమన్నది నేనే," అంది రెడ్డన్నతో. "కూచున్నోడు మళ్ళా లేయకపాయె. నా నోటితో నేనే వాని చేతులు ఇరిచినానేమోనని ఉండె నాకు." మెల్లగా మళ్ళీ అడిగింది. "వాయించేది మానలేదా అప్పా?"

"మానలేదక్కా. పోయిన నెల గూడా వచ్చినాడు."

"బాగ వాయిస్తాన్న్యాడా?"

"నా చెవులకు బాగనే ఉండె. గోదాములో ఎలకలు మాత్రం రెండు దినాలు కనపడేవి గావు."

ఈసారి చర్చి అంతా నవ్వింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ నవ్వలేదు. తల ఊపి, నెమ్మదిగా కూర్చుని "స్తోత్రం" అంది. మామ సాక్ష్యానికి అప్పుడు అనాల్సిన మాట అది. అందరూ అందుకున్నారు.

పోతూ పోతూ రెడ్డన్న కారు డిక్కీలోంచి యూరియా సంచిలో చుట్టిన గిటారు తీసి అత్త చేతికిచ్చాడు. ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలో అత్తకు తోచలేదట. వచ్చిన ఆదివారం మోసుకొచ్చి, సంచి విప్పకుండానే, చివరి బెంచీలో మామ కూర్చునేచోట గోడకు ఆనించింది.

ఆ రోజు నేనూ వెళ్ళాను. పెద్దమ్మ వచ్చింది. ఎప్పుడూ కూర్చునే ముందు బెంచీ దాకా వెళ్ళి, ఆగి, కర్ర పొడుచుకుంటూ వెనక్కి వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. ప్రసంగం మొదలైంది. ఆమె అరచెయ్యి సంచి మీదకు వెళ్ళింది. అక్కడక్కడా ఆనించి చూస్తోంది. సంచి లోపల ఏదో తీగ సన్నగా మోగింది. పాస్టరు ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకున్నాడు.

పెద్దమ్మ చెయ్యి తీయలేదు.