ఒంటి ముల్లు గడియారం

అయిదు వందల ఏళ్ళ కిందట పడమటి దేశాల కమ్మరులు గడియారాలు ఎలా చేసేవాళ్ళో తిరుపతి కాలేజీలో చరిత్ర చెప్పుకునే నీకెందుకమ్మా అని అడగనివాళ్ళు లేరు. ఎందుకూ లేదు. ఇష్టం, అంతే. ఆ ఇష్టంతోనే పరిశోధనలో చేరాను. మా గైడు మాత్రం ఒక మెలిక పెట్టారు.

"పుస్తకాలు చూసి ఎవరైనా రాస్తారు. వాళ్ళ పనిముట్లతోనే ఒకటి చేసి చూపించు. వారం రోజులు ఆగకుండా నడిస్తే థీసిస్‌లో ఆ భాగం ఉంటుంది. లేదంటే కొట్టేస్తాను" అన్నారు.

ఆ భాగమే నా థీసిస్‌లో సగం. నాకు రోషం కాస్త ఎక్కువ. సరే చూసుకుందాం అన్నాను.

పూతలపట్టు దగ్గర మా ఊళ్ళో, నాయన మామిడికాయలు పోసుకునే షెడ్డులో ఒక మూల ఆక్రమించాను. సెలవు దొరికితే చాలు, తిరుపతిలో బస్సెక్కడం, ఇత్తడి రేకు ముందేసుకుని కూర్చోవడం. ఆ కాలం కమ్మరికి లేత్ మిషను లేదు కాబట్టి నాకూ లేదు. సుత్తి, ఆకురాయి, చిల్లులు పెట్టడానికి చేత్తో తిప్పే బరమా, అంతే సరంజామా. చక్రం మీద కంపాసుతో గీతలు గీసి, ఒక్కో పన్నూ ఆకురాయితో అరగదీయాలి. అంతా బాగానే సాగేది గానీ చివరి పన్ను దగ్గరికి వచ్చేసరికి చోటు ఎక్కువన్నా మిగిలేది, చాలకుండా అన్నా పోయేది. అబ్బబ్బ, ఆ చివరి పన్ను! ఆ కమ్మరులు ఇలాంటప్పుడు ఏం చేసి ఉంటారో ఏ పుస్తకం చదవకుండానే తెలిసింది. బాగా తిట్టుకుని మళ్ళీ మొదలుపెట్టి ఉంటారు.

నాయన షెడ్డు గుమ్మంలోకి వచ్చి, "ఎవుర్ని మే అట్ల తిడతాండావు?" అని అడిగేవాడు.

"ఇత్తడిని నాయనా."

"తిట్టు తిట్టు. దానికి సిగ్గొచ్చి మాట ఇంటుందేమో."

పాడైన చక్రాలన్నీ మూలకు పడ్డాక, ఎట్టకేలకు ఒక గడియారం నిలబడింది. ఇనప చట్రం, లోపల ఇత్తడి చక్రాలు, తాడుకు వేలాడే ఒక రాయి. రాయి కిందికి దిగుతూ చక్రాలను తిప్పుతుంది. పైనున్న అడ్డకమ్మి అటూ ఇటూ ఊగుతూ పళ్ళను ఒక్కొక్కటిగా వదులుతుంది. నిమిషాల ముల్లు లేదు, మొదట్లో ఎవరికీ ఆ అవసరం పడలేదు. గంటల ముల్లు ఒక్కటే.

"లోకమంతా రెండు ముళ్ళు పెట్టుకుంటే నీదానికి ఒకటేనా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని నాయన పడీ పడీ నవ్వాడు.

దిగిపోయిన రాయిని మళ్ళీ పైకి లాగాలి. నేను తిరుపతిలో ఉండే రోజుల్లో ఆ పని అమ్మకు అప్పజెప్పాను. పొద్దున, సాయంత్రం రాయి లాగడం తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పాను. మొదట్లో ఫోన్ చేసినప్పుడల్లా "నిలబడిపోయిండాది మే" అనేది. ఉన్నట్టుండి ఆ మాట మానేసింది.

"నడస్తా ఉండాదా మా?"

"ఉండాదిలే."

ఇంటికి వెళ్ళి చూస్తే నిజంగానే టక్ టక్ అంటూ నడుస్తోంది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. గైడుకు ఫోన్ చేసి, "సార్, వారం కాదు, నెలగా ఆగలేదు" అని గొప్పలు పోయాను. దసరా సెలవుల్లో చిత్తూరు పోతూ దిగి చూస్తానన్నారు ఆయన.

ఆయన వచ్చింది సరిగ్గా ఆయుధపూజ నాడు. పూతలపట్టు కూడలి దాకా ఎదురెళ్ళి ఆయన కారును ఇంటికి తెచ్చేసరికి షెడ్డులో పూజ అయిపోయింది. ట్రాక్టరు, మందు కొట్టే మిషను, కొడవళ్ళు, పారలు, అమ్మ కుట్టుమిషను అన్నీ గంధం కుంకుమలతో కొలువుతీరి ఉన్నాయి. వాటి మధ్యలో నా గడియారం. ప్రతి చక్రానికీ బొట్టు. అడ్డకమ్మికి చామంతి దండ. చడీ చప్పుడూ లేదు.

సార్‌ను గుమ్మంలోనే వదిలి అమ్మ దగ్గరికి ఉరికాను.

"ఎవురు మా దీన్ని నిలిపింది?"

"నేనే" అంది అమ్మ. "ఈ పొద్దు పనిముట్లకు పని సెప్పకూడదు గదా. టాక్టరే నిలబడుండాది, ఇదేమన్నా దానికంటే పెద్దదా?"

"సార్ సూడాల మా! ఒక్క గడియ..."

"రేపు పూజ సేసి ఎత్తినాక ముట్టుకో. అంతదాకా ఎవురొచ్చినా అంతే. సార్, మీరు కూర్చోండి, బొరుగులు తిందురు."

నాకు ఒళ్ళు మండిపోయింది. సార్ ఉన్నారని కూడా చూడలేదు. "నెల దినాలుగా ఆగకుండా నడిచినదాన్ని, ఆయన వచ్చిన పూటే నిలుపుతావా?" అని అరిచాను.

"ఆగలేదని ఎవురు సెప్పినారు?" అంది అమ్మ, తాపీగా. "దినానికి రెండు మూడు తూర్లు నిలబడతానే ఉంటుంది. నేనే పోయి ఆ అడ్డకమ్మిని ఇట్ల ఒక తోపు తోస్తా. మళ్ళా నడస్తాది. సప్పుడు ఆగితే వంటింట్లో ఉన్నా నాకు తెలిసిపోతాది."

నాయన బొరుగులు నమలడం ఆపేశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సగం థీసిస్ నా కళ్ళ ముందే కొట్టుకుపోయింది.

"నాకు తెలియదు సార్, ఒట్టు" అన్నాను.

సార్ కాసేపు గడియారం చుట్టూ తిరిగారు. చెయ్యి మాత్రం తగలనివ్వలేదు, పక్కనే అమ్మ ఉంది మరి. "ఆ కాలపు గోపురం గడియారాలకు కాపలా మనిషి ఉండేవాడని మొదటి అధ్యాయంలో నువ్వే రాశావు గదా" అన్నారు చివరికి. "దానంతటది నడిచిందని రాస్తే కొట్టేస్తాను. మనిషి తోస్తే నడిచిందని రాయి, ఉంచుతాను."

గండం గడిచింది. అయినా సార్ కారు మలుపు తిరగగానే అమ్మ మీదికి వెళ్ళాను.

"ముట్టుకోవద్దంటి గదా! ఎందుకు తోసినావు? తోసినదానివి నాకెందుకు సెప్పలేదు?"

అమ్మ గిన్నెలు సర్దుతూనే చెప్పింది. "అది నిలబడిపోయిందంటే సాలు, ఫోన్లో ముక్కసరిగా మాట్లాడి పెట్టేస్తావు. ఈడికొచ్చినా కూటికాడ కూర్చోవు. ఆ గడియారం సంగతి నాకేం తెలుసు మే? నువ్వు ఇంత కూడు తింటావని తోసినాను."

కోపమంతా ఎటు పోయిందో, ఏడుపు తన్నుకొచ్చింది. పళ్ళెం పెట్టమన్నాను.