గొంతు పెంచని మేనేజరు కేసు

నిన్న సాయంత్రం ఏలూరులోని మా ఆఫీసుకు ఒకామె వచ్చి ఎదురుగా కూర్చోగానే గదంతా బ్లీచింగు నీళ్ల వాసన, దాని వెనకే రొయ్యపొట్టు వాసన. ఎంత సబ్బు పెట్టి కడిగినా రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల చేతులను అది వదలదు. మా గుమస్తా లేచి కిటికీ తెరవబోతే వద్దన్నాను. ఆ వాసన తగిలితే నాకు మా సీనియర్ ప్రసన్నకుమారి గారు గుర్తొస్తారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. పనిలో దెబ్బలు తగిలినవాళ్ల నష్టపరిహారం కేసులు తప్ప ఇంకేవీ పట్టుకోలేదు కాబట్టి పెద్ద పేరేమీ రాలేదు. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ మాత్రం ఆవిడ పెట్టిన భిక్షే.

మాది పెంటపాడు. లా పూర్తిచేసి ఆవిడ దగ్గర చేరేనాటికి నాకు కోపం ముక్కు మీద ఉండేది. ఆవిడది కామవరపుకోట వైపు క్రైస్తవ కుటుంబం. మాట మెత్తన, పట్టు గట్టి. నన్ను "మిరపకాయ్" అని పిలిచేవారు. చేరిన కొత్తలోనే నాగమణి కేసు వచ్చింది.

నాగమణిది కొల్లేరు పక్క ఊరు. భీమడోలు దాటాక ఉన్న ఒక ఫ్యాక్టరీలో రొయ్యల పొట్టు తీసేది. ఎప్పుడూ చల్లగా ఉండే హాలు, నేల మీద ఐసు కరిగిన నీళ్లు. అందుకే అందరికీ రబ్బరు బూట్లు ఇస్తారు. బాత్రూముకు వెళ్లడానికి మరీ ఇంత తక్కువ టైమిస్తే ఎలాగని ఒకరోజు అందరి తరఫునా ఈమె అడిగింది. మేనేజరు కోప్పడలేదు. "ఇవాళ మీకు పనేం లేదులెండమ్మా. బూట్లు ఇచ్చేసి కాస్త ఆ గోడ దగ్గర నిలబడండి," అన్నాడు. షిఫ్టు అయ్యేదాకా వట్టికాళ్లతో ఆ నీళ్లలో నిలబడింది. ఇంటికి బయల్దేరబోతే కాళ్లు తిమ్మిరెక్కి హాల్లోనే పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా వేళ్లు సరిగ్గా ముడవలేదు. పొట్టు తీయడం తప్ప ఆమెకు ఇంకో పని రాదు. పైగా ఆ గేటు చూస్తేనే వణుకు పుట్టేది.

కంపెనీ వాదన ఒకటే. అది పని కాదు, క్రమశిక్షణ చర్య, కాబట్టి దెబ్బ పనిలో తగిలినట్టు కాదు. నేను ఆవేశంగా పిటిషన్ రాసి తీసుకెళ్లాను. రాక్షసత్వం, అమానుషం, కర్కశత్వం, ఏదీ వదల్లేదు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఆ మాటలన్నీ కొట్టేశారు.

"ఆయన ఎలాంటివాడో మనకెందుకు మిరపకాయ్? ఆయన చేయించిందేమిటో రాయి. బూట్లు తీయించాడు. నీళ్లలో నిలబెట్టాడు. ఆమె తనంతట తాను వెళ్లి నిలబడలేదు కదా. యజమాని చెప్పినట్టు చేయడం పని కాకపోతే మరేమిటి?"

"మందలించే హక్కు, పని నుంచి పక్కన పెట్టే హక్కు తమకున్నాయని కంపెనీవాళ్లు అంటారు కదండీ?"

"ఉన్నాయి. కాదనకు. ఆ హక్కును ఎలా వాడారన్నదే మన కేసు."

విచారణ రోజు కార్మిక శాఖ ఆఫీసులో నాగమణిని కంపెనీ లాయరు ప్రశ్నించాడు. మేనేజరు తిట్టారా? లేదండి. అరిచారా? లేదండి. మరెలా మాట్లాడారు? "సారు ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతారండి. ఏనాడూ 'నువ్వు' అని కూడా అనలేదండి," అంది. కేసు పోయిందనుకున్నాను. మా వైపు మనుషులతో వచ్చిన చిక్కే ఇది. ఎదుటివాడు అండీ అన్నాడంటే ఇక అతని మీద చెడ్డమాట చెప్పడానికి నోరు రాదు. కంపెనీ లాయరు చిరునవ్వుతో కూర్చున్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

ప్రసన్నకుమారి గారు నెమ్మదిగా లేచారు. "నిలబడమని మర్యాదగానే చెప్పారు కదమ్మా. మరి కూర్చోమని ఎప్పుడు చెప్పారు?"

నాగమణి ఆలోచించింది. అంత కష్టమైన ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగనట్టు చాలాసేపు ఆలోచించింది.

"చెప్పలేదండి. చెబుతారేమోనని ఆయన వంకే చూస్తా నిలబడ్డానండి," అంది.

విచారణ జరుపుతున్న కమిషనర్ గారు ఆ జవాబును యథాతథంగా రాయించారు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. చేతికి తగిలిన దెబ్బ పనిలో తగిలిందే అన్నారు, పరిహారం ఇమ్మన్నారు. ఆమెకు పట్టుకున్న భయం సంగతి మాత్రం పట్టించుకోలేదు. నేను గింజుకున్నాను. "సగమైనా వచ్చింది. మిగతా సగానికి పైకోర్టుకు వెళదాం," అని ఆవిడ ఫైలు సర్దుకున్నారు.

నాగమణితో కలిసి ఆ ఆఫీసు మెట్లు దిగుతుంటే మేనేజరు ఎదురొచ్చాడు. చేతులు జోడించి, ఎప్పటిలాగే మెత్తగా, "బాగున్నారా అండీ నాగమణి గారూ?" అన్నాడు. అలవాటు కొద్దీ ఆమె చేతులు కూడా లేచాయి. "బాగు..." అనబోతుండగా ప్రసన్నకుమారి గారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. "ఉన్నదే చెప్పమ్మా. తప్పేం లేదు."

నాగమణి చేతులు దించేసింది. మొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"బాగోలేదండి," అంది.

మేనేజరు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవాళ్లందరినీ ముందు ఎలా ఉన్నారని అడుగుతాను. నిన్నటామె కూడా "బాగానే ఉన్నానండి," అంది. నేను పెన్ను తీయలేదు. ఆమె రెండో జవాబు చెప్పేదాకా కూర్చున్నాను.