ఆకుల సంచి ఆవిడ

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నేను డిగ్రీ చదువుతున్నాను. మాది కాకినాడ వైపు. నోరు తెరిస్తే యాస తెలిసిపోతుందని భయం. నిజానికి నన్నెవరూ ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

హయత్‌నగర్‌లో బస్సెక్కితే, పక్క సీట్లో పెద్దావిడ ఒళ్లో సంచి నిండా ఆకులు. పచ్చి మట్టి పళ్లేల మీద వాటిని ఒత్తి, ఈనెల అచ్చు పడ్డాక కాలుస్తుందట. ఒక ఆకు నా చేతిలో పెట్టింది.

"ఈనెలు జూడు బిడ్డా, దువ్వెనతోని దువ్వినట్టున్నయి. గీ చెట్టు పేరేందో ఎరికేనా?"

అది పొన్నాకు. మా ఊళ్లో ఎక్కడ చూసినా అవే చెట్లు. అయినా మాటలు రావన్నట్టు నోటిమీద వేలుంచుకొని తల అడ్డంగా ఊపాను.

"అయ్యో!" అంటూ ఆవిడ నా తల నిమిరింది.

ఎల్బీనగర్‌లో రాస్తారోకో వల్ల బస్సు ఆగిపోయింది. ఆవిడ నా చెయ్యి పట్టుకొని, "జర జరుగుండ్రి, పిల్లకు మాటలు రావు" అని అందరికీ చెబుతూ, దిల్‌సుఖ్‌నగర్‌లో నేను సైగలతో చూపించిన మా సందు దాకా నడిపించింది. జనంలో సంచి నలిగి ఆకులన్నీ చిరిగిపోయాయి. ఆవిడ వాటివైపు చూడనే లేదు.

"ఒక్కదాన్నే పంపొద్దని మీ అమ్మకు చెప్పు" అంది. అనగానే నాలుక కరుచుకుంది. నా రెండు చేతులూ పట్టుకొని, "తప్పాయె బిడ్డా, మాఫ్ జెయ్యి" అంది.

మాఫ్ చేశానన్నట్టు నేను తల ఊపాను.