రాయి తగిలిందని

లెక్కల మాస్టారంటే నెమ్మదస్తుడని వీధంతా చెప్పుకుంటుంది. పొద్దున్నే మెత్తని గుడ్డతో కారు తుడుస్తూ, వచ్చేపోయే వాళ్లందరినీ నవ్వుతూ పలకరిస్తాడు. ఆయన ముక్కుమీద కోపం భార్యకొక్కతికే తెలుసు. మొన్న కారులో మాటా మాటా పెరిగి ఆయన విసిరిన ఫోను ఆమె మొహం పక్కనుంచి దూసుకెళ్లి ముందు అద్దాన్ని పగలగొట్టింది.

మెకానిక్ షెడ్డుకు వచ్చిన ఇన్సూరెన్స్ మనిషి ఎలా పగిలిందని అడిగాడు. మాస్టారు తాళంచెవి తిప్పుతూ నీళ్లు నమిలాడు.

"లారీ వెనక వస్తుంటే రాయి ఎగిరి తగిలిందండీ," అంది భార్య తడుముకోకుండా. "నయం, ఈయనకేం కాలేదు."

మాస్టారి తల వాలిపోయింది. అబద్ధం ఆమె నోట అంత తేలిగ్గా రావాలంటే తనకోసం ఇదివరకు ఎందరి దగ్గర ఆడి ఉండాలో ఆయనకు తెలుసు.

కొత్త అద్దం బిగించాక ముందు తలుపు తీసి పట్టుకుని, "రా, కూర్చో" అన్నాడు మెల్లగా. ఆమె వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.