బొట్టుబిళ్లలు అంటించిన కాసెట్

ఇబ్రహీంపట్నంలో ఇంకా కాసెట్లు ఎక్కించే మనిషి ఎవరని అడిగితే ఆటోవాళ్లు కూడా సుసన్న టీచర్ ఇల్లే చూపిస్తారు. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పి రిటైరైంది గానీ, ఆదివారం చర్చి పాటలు రికార్డు చేసే పని మాత్రం వదల్లేదు. టీవీ మీద దుమ్ము పేరుకున్నా పట్టదు. రెండు కాసెట్లు పట్టే ఆ పాత స్టీరియోకి మాత్రం కుట్టుపూల గుడ్డ! దాని మీద ఎవరైనా చాయ్ గ్లాసు పెట్టారో, వాళ్ల పని అయిపోయినట్టే.

ఆ ఉదయం పక్కనున్న మంచాల ఊరి నుంచి భూలక్ష్మి వచ్చింది, మనవరాలు పూజితను వెంటబెట్టుకుని. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఏ పెళ్లిలోనైనా అందరినీ ఏడిపించిన గొంతు ఆమెది. గొంతు ఆపరేషన్ అయ్యాక గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. మర్నాడే పూజిత పెళ్లి. వాళ్లింట్లో అప్పగింతల పాట అమ్మమ్మే పాడాలి. అందుకే పూజిత తల్లి పెళ్లినాడు తాను పాడిన కాసెట్‌ను కొంగున కట్టి తెచ్చింది. ఆ పాట ఇంకెక్కడా లేదు.

"పాత రీలక్కా, తెగుతది. ముందుగాల కొత్త కాసెట్ల ఎక్కిస్త. దాన్నుంచి ఫోన్ల దించుకోవచ్చు" అంది సుసన్న.

స్టీరియోలో ఎడమ గూడు పాడుతుంది, అంతే. కుడి గూడు పాడుతుంది, రికార్డు కూడా చేస్తుంది. కుడి దాంట్లో శబ్దం బాగుంటుందని సుసన్న పాత కాసెట్‌ను ముందు అందులోనే పెట్టి వినిపించింది.

"పోతున్నవా అరుణజ్యోతీ..." అని గొంతు లేచింది.

"మా అమ్మ పేరు!" అని పూజిత చప్పట్లు కొట్టింది. పెళ్లిపిల్ల పేరుతో పాట ఎత్తుకోవడం వాళ్ల ఆనవాయితీ. తన గొంతు తానే వింటూ భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె కళ్లలో నీళ్లు చూసి సుసన్న మనసు కరిగింది, చెయ్యి తప్పింది. రీలు మొదటికి తిప్పింది గానీ పాత కాసెట్‌ను ఎడమ గూటికి మార్చడం మరిచిపోయింది. ఖాళీ కాసెట్‌ను ఎడమ గూట్లో పెట్టి రికార్డు మీట నొక్కింది. అయినా భయం లేదనుకునేది ఆమె ఎప్పుడూ. ఇలా పైన భజనల పేర్లు అచ్చేసి అమ్మే కాసెట్లకు వెనక ప్లాస్టిక్ చెవులు విరిచి ఉంటాయి, ఆ సందులు ఖాళీగా ఉంటే రికార్డు మీట దిగనే దిగదు. ఇన్నేళ్లూ ఆ ధీమాతోనే బతికింది. ఈ రోజు మీట దిగింది.

"ఏంది టీచర్, పాట ఇనవడ్తలేదు?" అంది పూజిత.

"యేసయ్యా!" అంటూ సుసన్న ఆపి, కాసెట్ లాగి చూసింది. చెవులు విరిగిన సందుల్ని మూస్తూ ఎర్రటి బొట్టుబిళ్లలు! కొన్న భజన కాసెట్ మీదే తన పాట ఎక్కించుకోవడానికి భూలక్ష్మి ఆనాడు అంటించినవి.

రీలే పాడైందని చెబితే ఎవరికి తెలుస్తుంది? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"అక్కా, తప్పయింది. నేనే తుడిచిన. మొదలు పోయింది."

పూజిత లేచి నిలబడింది. "రేపే పెండ్లి టీచర్! మా అమ్మమ్మకు ఆ గొంతు మళ్ల రాదు, ఎరుకే గద!"

సుసన్న ఆ కాసెట్‌ను ఈసారి ఎడమ గూట్లో పెట్టి మళ్లీ వినిపించింది. రీలు తిరుగుతోంది, గొంతు రాదే! చివరికి అందుకుంది: "అత్తింటి గడప ఎత్తు బిడ్డా, సూసి అడుగెయ్యవే..." మిగతా పాటంతా ఉంది. పోయింది పేరు పెట్టి పిలిచే ఎత్తుగడే.

భూలక్ష్మి బల్ల మీదున్న చర్చి పాటల మైకును తనవైపు లాక్కుంది.

"ఒద్దమ్మమ్మా, డాక్టర్ గొంతు లేపొద్దన్నడు!"

ముసలమ్మ కళ్లతోనే కసిరింది. సుసన్న కొత్త కాసెట్‌ను కుడి గూట్లో పెట్టి, ఒకటికి రెండుసార్లు చూసుకుని మీట నొక్కింది. గరగరమంటూ, మధ్యలో తెగుతూ, మాట తర్వాత మాట బయటికొచ్చింది.

"పోతున్నవా... పూజితా..."

పూజిత భోరుమంది. ఆ ఏడుపూ కాసెట్‌లోకి ఎక్కింది. సుసన్న ఆపలేదు. పాత కాసెట్‌లో మిగిలిన పాటను దాని వెనకే ఎక్కించి, కాసెట్ చెవులు విరిచి భూలక్ష్మి చేతిలో పెట్టింది.

మర్నాడు మంచాలలో అప్పగింతలప్పుడు కాసెట్‌లోంచి ముందు లేచింది ఆ గరగర గొంతే. దాని వెనకే భూలక్ష్మి పడుచునాటి గొంతు అందుకునేలోపే పెళ్లిపిల్ల పరుగున వచ్చి అమ్మమ్మను వాటేసుకుంది.