ఆకలి కాని ఒక్కపొద్దు

నిన్న శనివారం. పన్నెండేళ్ల మా అమ్మాయి పొద్దున తనే అడిగి, పగలంతా ఏమీ తినకుండా ఒక్కపొద్దు ఉంది. సాయంత్రం దీపం పెట్టి, కంచం పట్టుకుని "ఒక్కపొద్దు ఇడువు బిడ్డా, ఇంత తిందువు రా" అని పిలిచాను. చేతిలో ఉన్న వారపత్రికలోంచి తల ఎత్తకుండానే "ఆకలైతలేదమ్మా" అంది. పక్కనున్న తమ్ముడు "అక్క హీరోయినైతాందట, గందుకే తింటలేదు" అని వెక్కిరించాడు. నేను మాత్రం వంగి ఆ పేజీ చూశాను. ఆ పత్రికలో వస్తున్న సీరియల్లో కథానాయిక ప్రేమ కోసం అన్నం మానేసింది. బొమ్మలు వేసే ఆయన కూడా వారం వారం ఆమె మెడను ఇంకాస్త పొడుగు చేస్తున్నాడు. అమ్మాయి నాలుగు ముద్దలు తిని లేచింది. ఆకలి కాని ఒక్కపొద్దును మా పుట్టింట్లో ఇదివరకే ఒకసారి చూశాను.

డెబ్బైల్లో మేము కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన డ్యూటీ దిగి వస్తూ స్టేషన్లోనే వారపత్రిక కొనుక్కొచ్చేవాడు. ముందు ఎవరు చదవాలని నాకూ అక్కకూ పేచీ. చదివాక సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండర్ అట్ట వేసేది అక్క. అలా ఆమె కుట్టుకున్న ఒక నవలలో కథానాయిక దిగులుతో చిక్కి చిక్కి చివరికి స్పృహ తప్పుతుంది. నాయకుడు ఆమెను రెండు చేతుల్లో ఎత్తుకుని, పూలదండంత తేలికగా ఉందని కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఆ పేజీ మడతలు పడి నలిగిపోయేదాకా చదివింది అక్క. అప్పుడామె హనుమకొండలో ఇంటర్ చదువుతోంది. ముందు సోమవారం ఒక్కపొద్దు మొదలుపెట్టింది. తర్వాత గురువారం, ఆ తర్వాత శనివారం. తినకపోతే కోప్పడే ఇల్లే మాది, కానీ ఒక్కపొద్దును కాదనే ధైర్యం ఎవరికుంటుంది? పక్క క్వార్టర్ల ఆడవాళ్లు "ఎంత భక్తి వదినా నీ బిడ్డకు" అంటే అమ్మ పొంగిపోయేది. నోములకు అక్కనే ముందు పిలిచేవారు.

మా నాయనమ్మ భక్తి వేరే రకం. శనివారం మధ్యాహ్నం దాటిందంటే వంటింటి గడప దగ్గరే కూర్చునేది. "పప్పుల పోపు ఏసినవా? మిరపకాయలు గోలిచ్చినవా?" అని అమ్మను నిలవనిచ్చేది కాదు. నన్ను పెరట్లోకి తరిమేది. "జర చూసి రాపో, పొద్దు గూకిందా? ఇయ్యాల గీ పొద్దుకు ఏం రోగమొచ్చిందో, కదుల్తనే లేదు." పొద్దు సిగ్నల్ స్తంభం వెనక్కి జారగానే విస్తరి ముందు కూర్చుని, మొదటి ముద్దకు కళ్లు మూసుకునేది. ఆమె పక్కనే కూర్చుని అక్క అన్నంలో వేలితో గీతలు గీసేది. ఒకనాడు నేనే అన్నాను, "నాయనమ్మా, అక్కకు ఆకలైతలేదు, సూడు" అని. నాయనమ్మ చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. "పొద్దంత ఏం తినని మనిషికి ఆకలి గాకుంటే ఎట్లనే? గిది ఒక్కపొద్దు కాదు బిడ్డా, ఇంకేందో."

ఆ నవల్లో రాయనివన్నీ మేము అక్కలో చూశాం. మే నెల ఎండలో బొంత కప్పుకుని వణికేది. దువ్వెన నిండా జుట్టు. బస్సు మెట్టు ఎక్కలేక కిందే నిలబడిపోతే కండక్టర్ కసిరాడట. ఎత్తుకుపోవడానికి నాయకుడెవరూ రాలేదు, బాపే రిక్షాలో తీసుకొచ్చాడు. దవాఖానలో రక్తం లేదన్నారు, టానిక్ రాశారు. జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు. బాపు ఆ నవలను నీళ్ల పొయ్యిలో వేశాడు కానీ అక్కకు అదంతా కంఠతా వచ్చు. చివరికి నాయనమ్మే రోజూ అక్కను పక్కన కూర్చోబెట్టుకునేది. తినమని అనేది కాదు. "నేను తింటాంటె జర ముచ్చట పెట్టు" అనేది. ముచ్చట్ల మధ్య ఒక ముద్ద, మరో ముద్ద. అలా చాలా కాలం నడిచింది.

ఇప్పుడు అక్క నెక్కొండ బడిలో పిల్లలకు పాఠాలు చెబుతోంది. మా పిల్లలు పడుకున్నాక నేను కాలేజీ ఆడపిల్లల కోసం ఒక నవల రాస్తున్నాను. పోయిన నెల అక్క వచ్చినప్పుడు నీ సంగతి రాయనా అని అడిగాను. "రాయి. గని ఎంత సన్నగైన్నో రాయకు. తింటలేనని ఎట్ల దాచిపెట్టిన్నో అసలే రాయకు, మల్లొకతి చూసి నేర్చుకుంటది. ఎండల సలి పెట్టింది రాయి. నాయనమ్మ ముచ్చట రాయి" అంది. ఇంతకంటే మంచి సలహా ఇంకెవరూ ఇవ్వలేరు. నవలలో ఏముండాలో ఇప్పుడు నాకు స్పష్టంగా తెలుసు. ఇంట్లో ఏం చెయ్యాలో కూడా.

అందుకే ఆ పత్రికను నేను దాచలేదు, పొయ్యిలో వెయ్యలేదు. ఈ పొద్దున పిల్లలిద్దరినీ నా కంచం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. "ఈ సీరియల్ ఇగ ముగ్గురం కలిసి చదువుదాం. రాసినాయన ఇడిసిపెట్టినయి నేను చెప్త. ఆకలి గాకుంటే గాలేదని నాకు చెప్పున్రి, కోపం చెయ్య. ఒక్కపొద్దని దేవుని పేరు మాత్రం చెప్పకున్రి. మీ పెద్దమ్మకు ఆకలి చచ్చిపోనీకి ఒక్క ఎండకాలం సరిపోయింది బిడ్డా. అది మల్ల ఇంటికి రానీకి ఏండ్లు పట్టింది."